గురువారం నీళ్లు

వార్సిలా గైడ్ అయిన రోజున, జావా దీవిలోని కారంగ్‌వుని ఊళ్లో అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆమె భర్త కాస్డీయే.

"నలభై ఎనిమిదేళ్లొచ్చాక టోపీ పెట్టుకుని కొండలెక్కుతావా? మరి మేకల్ని ఎవరు చూస్తారే?" అన్నాడు.

"నువ్వున్నావుగా. వాటికి నీ భాష బాగా తెలుసు," అంది వార్సిలా టోపీ సరిచేసుకుంటూ.

ఆ ఉద్యోగం ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. ఊరి కుర్రాళ్లంతా కలిసి ఒక ఆలోచన చేశారు. తెల్లవారకముందే సందర్శకుల్ని పాత అగ్నిపర్వతం ఎక్కించి సూర్యోదయం చూపించాలి, అక్కణ్ణుంచి జీపులో తీసుకొచ్చి ఊరి గుహలోకి దింపాలి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపాలి. తాళ్లు కొన్నారు, నడుముకు కట్టే పట్టీలు కొన్నారు, తాడు లాగడానికి పన్నెండు మందిని కుదుర్చుకున్నారు. అంతా కుదిరింది గానీ, గుహలో అడుగున పారే నీటి దాకా దారి ఏ ఒక్కడికీ తెలియదు. వాళ్లు పుట్టేసరికే ఊరికి పంపు వచ్చేసింది. పెద్దాళ్లకు తెలుసు గానీ వాళ్ల మోకాళ్లు సహకరించవు. అసలు ఆ కాలంలో నీళ్లు మొయ్యడం మగాళ్ల పనే కాదు.

మీటింగులో టీ ఇవ్వడానికి వచ్చిన వార్సిలా పళ్లెం పట్టుకుని నిలబడి, "ఎడం గోడ పట్టుకుని పోవాలి. పడుకున్న ఆవు లాంటి బండ తగులుతుంది. దాని తోక వైపు నుంచి తిరిగితే బురద మోకాలు దాటదు. తల వైపు పోయారో, నడుము దాకా దిగబడతారు," అంది. కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వారం తిరక్కుండా ఆమె నెత్తిన టోపీ ఉంది.

అప్పటి నుంచి ఎనిమిదేళ్లుగా ఆమెకిదే పని. ఏ దేశంవాళ్లు వచ్చినా 'మెల్లగా' అన్న మాటను వాళ్ల భాషలో నేర్చుకుంటుంది. మిగతాదంతా జావా భాషలోనే గట్టిగా చెబుతుంది. గట్టిగా చెబితే ఎవరికైనా అర్థమవుతుందని ఆమె నమ్మకం. కొంగులో అల్లం మిఠాయిలు ఉంటాయి. కళ్లు తిరిగాయన్నవాళ్లకొకటి, భయమేస్తోందన్నవాళ్లకు రెండు.

ఆ ఏడాది ఆగస్టులో, అక్కడి ఎండాకాలం ముదిరి పొలాలు నెర్రెలిచ్చిన రోజుల్లో, ఇద్దరు మనుషులు జోగ్జా నగరం నుంచి వచ్చారు. నికెన్ అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, ఆమె తాతగారు. తెల్లవారుజామున మూడున్నరకు కొండ కింద కలుసుకోవాలి. దారిలో జీపు టైరు గాలి చూసుకోవడానికి ఆగడంతో వార్సిలా కాస్త వెనకబడింది. ఆమె దిగేసరికి తాతగారు దీపం కింద నిలబడి, చేతి గడియారం అద్దం మీద గోటితో టక్‌టక్‌మని కొడుతున్నారు.

"నాలుగు నిమిషాలు ఆలస్యం," అన్నారు.

వార్సిలా ఒక కాలు జీపులో, ఒక కాలు నేల మీద ఉండగానే ఆగిపోయింది. జుట్టు తెల్లబడింది, వీపు వంగింది. కానీ ఆ గోటి చప్పుడు మారలేదు. దర్మాజీ మాస్టారు! ఆమెకు రెండో తరగతి నుంచి చదువు చెప్పిన మాస్టారు.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఎలా పడతారు? అప్పుడామెకు తొమ్మిదేళ్లు, ఆయనకు ఇరవై ఆరు. చెబుదామా అనుకుని నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. "టార్చి కాళ్ల దగ్గర వెయ్యండి, తాతగారూ. మెల్లగా రండి," అని మాత్రం అంది.

బండల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందులు, చెక్క నిచ్చెనలు, అక్కడక్కడా పట్టుకోవడానికి తాళ్లు. డెబ్భై మూడేళ్ల మనిషి ఆయాసపడుతున్నా ఎక్కడా ఆగుదామనలేదు. వార్సిలాయే తన లేసు ఊడినట్టు నాలుగు చోట్ల వంగింది. నాలుగోసారి నికెన్ ఆమె కాళ్లకేసి చూసింది. రబ్బరు చెప్పులు. ఇద్దరూ చీకట్లో నవ్వుకున్నారు.

పైకి చేరేసరికి తూర్పు తేటపడుతోంది. లోయలో పొగమంచు, దాని మీదుగా కొబ్బరి తలలు. సూర్యుడు వచ్చాక బండలన్నీ ఎర్రబడ్డాయి. వార్సిలా ఫ్లాస్కు మూత తీసి టీ పోసింది.

"అగ్నిపర్వతమన్నారు, పొగేదీ?" అన్నారు మాస్టారు.

"పొగ కావాలంటే ఉత్తరం వైపు చూడండి, అదుగో మెరాపి. దానికింకా సర్వీసుంది. ఇది రిటైరైపోయింది."

"అయితే నాలాంటిదే," అన్నారాయన. మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనిపించింది. టీ తాగుతూ ఆ ఎండలో చాలాసేపు కూర్చున్నారు. ఆయన నవ్వగలరని వార్సిలాకు ఇన్నాళ్లూ తెలియదు.

దిగి జీపెక్కాక, ఊరి పేరున్న బోర్డు కనబడగానే ఆయనకు హుషారొచ్చింది. "ఇక్కడే నా మొదటి పోస్టింగు, నికెన్. నాలుగేళ్లు పనిచేశాను. మంచి పిల్లలు. టైమొక్కటే తెలియదు. ఒక పిల్ల ఉండేది, ప్రతి గురువారం ఆలస్యం! మిగతా రోజులన్నీ సరిగ్గా వస్తుంది, గురువారం మాత్రం రాదు. జెండాకర్ర దగ్గర ఎండలో నిలబెట్టేవాణ్ణి, ఇంటర్వెల్ దాకా. అయినా మారలేదు. మొండి పిల్ల."

"పాపం కదా తాతయ్యా!"

"పాపమేంటి? క్రమశిక్షణ!"

ముందు సీట్లో వార్సిలా కదలకుండా కూర్చుంది. ఆ జెండాకర్ర నీడ ఎంత సన్నగా ఉండేదో ఆమెకు తెలుసు. ఒక భుజానికి కూడా సరిపోయేది కాదు. బడి ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే తమ్ముడు పుట్టాడనీ ఇంట్లో పనుందనీ చెబుతూ వచ్చింది. అది నిజమే. కానీ ఐదో తరగతిలో ఒక గురువారం ఆమె బడి దాకా వెళ్లి, కంచె బయటి నుంచి ఆ కర్రను చూసి, వెనక్కి తిరిగి వచ్చేసిన సంగతి కాస్డీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంది. ముసలాయన. విహారానికొచ్చాడు. కడుపు నిండా అన్నం పెట్టి పంపిద్దాం.

గుహ అంటే నేలలో పడ్డ పెద్ద గొయ్యి. నిట్టనిలువుగా దిగితే, అడుగున చెట్లూ తీగలూ, పచ్చటి అడవి. తాడు దగ్గర పన్నెండు మందీ బీడీలు ఆర్పేసి లేచారు. వాళ్ల పెద్ద కాస్డీయే. ఇద్దరిద్దర్ని కలిపి దింపుతారు. మాస్టారితో నికెన్‌ను దింపి, తర్వాత వార్సిలాను వదిలారు.

అడవి దాటాక చీకటి మొదలైంది. ఎడం గోడ, పడుకున్న ఆవు, తోక వైపు తిరుగుడు. బురద మాస్టారి బూటును లాగేసుకుంది. వార్సిలా మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని పీకి, ఆయన కాలు తన మోకాలి మీద పెట్టుకుని తొడిగింది. ఇంకాస్త దూరం పోయాక చల్లటి గాలి తగిలింది, నీటి చప్పుడు వినిపించింది. టార్చి వెలుగులో నల్లటి నీళ్లు కదులుతూ కనబడ్డాయి. పై కప్పులో ఉన్న బిలంలోంచి పొద్దు వెలుగు ఒక్క తెల్లటి స్తంభంలా దిగింది. నికెన్ తలెత్తి దానికేసే చూస్తోంది.

మాస్టారు మాత్రం వెలుగును చూడటం లేదు. వచ్చిన దారికేసి చూస్తున్నారు.

"ఎండాకాలం ఊరివాళ్లు గుహలోంచి నీళ్లు తెచ్చుకుంటారని వినేవాణ్ణి. ఇదేనా ఆ గుహ?"

"ఇదేనండీ."

"తాళ్లు లేకుండానా?"

"పక్క గోడకు వెదురు నిచ్చెనలుండేవి. కుండ వీపుకు గుడ్డతో కట్టుకుని, కొబ్బరి మట్టల కాగడా పట్టుకుని దిగేవాళ్లం. ఎక్కేటప్పుడు కాగడా పళ్లతో పట్టుకోవాలి. కనుబొమలు కాలిపోయేవి." వార్సిలా నవ్వింది.

"చిన్నపిల్లలు కూడానా?"

"పిల్లలే నయం, సందుల్లో పడతారు."

"రోజుకెన్నిసార్లు?"

"బడికి ముందు రెండుసార్లు. గురువారం మూడు."

అనేశాక గానీ ఆమెకు తెలియలేదు తను అన్నదేమిటో. మాస్టారు తలెత్తారు.

"గురువారం ఏం?"

ఆమె ఏదో ఒకటి చెప్పి దాటెయ్యవచ్చు. కానీ చిన్నప్పుడు చదువు చెప్పిన మనిషి సూటిగా అడిగితే అబద్ధం నోటికి రాదు. "గురువారం మాస్టారింటి నీళ్ల తొట్టి వంతు మాది," అంది. "ఒక్కో రోజు ఒక్కో ఇంటికి వంతు. మిగతావాళ్ల ఇళ్లలో పెద్ద పిల్లలుండేవారు, గబగబా తెచ్చి పోసేసేవారు. మా ఇంట్లో నేనొక్కదాన్నే."

"తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉండేది," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "ఎవరు నింపుతున్నారని నేనెప్పుడూ... నువ్వేనా ఆ పిల్లవి?"

"నేనే, మాస్టారూ. వార్సిలాని."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు ఎందుకు ఆలస్యమని అడిగితే చెప్పేదాన్నే. ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పేవారు, అంతే."

మాస్టారు అక్కడే తడి బండ మీద కూర్చుండిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బురద చేతులతో తుడవడం వల్ల అవి ఇంకా పాడయ్యాయి. "రోజుకు రెండు పూటలా స్నానం చేసేవాణ్ణమ్మా," అన్నారు చివరికి. "చెంబులు చెంబులు."

వార్సిలా ఆయన పక్కనే బండ మీద కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆ మనిషి మీద దాచుకున్న కోపం ఎక్కడుందో వెతుక్కుంటే దొరకలేదు. చేతికి తగిలింది ఒక ముసలాయన వంగిన భుజం. "మా అమ్మ అదే అనేది మాస్టారూ," అంది. "'ఈ పట్నం మనిషి చెమట పట్టే పని ఒక్కటీ చెయ్యడు, రెండు పూటలా గేదెలాగ నీళ్లలో పొర్లుతాడు. ఏం కడుక్కుంటాడే?' అని."

నికెన్ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. ఆ నవ్వు గుహంతా తిరిగి వచ్చింది. ఆ తర్వాత మాస్టారు కూడా నవ్వారు, కళ్లు తుడుచుకుంటూ. "గేదె," అన్నారు తనలో తాను. "సరిగ్గానే అంది." వార్సిలా కొంగులోంచి అల్లం మిఠాయిలు రెండు తీసి ఆయన చేతిలో పెట్టింది.

పైకి వచ్చేటప్పుడు ఆయన నికెన్‌తో కాక, వార్సిలాతో కలిసి ఎక్కుతానన్నారు. తాడు బిగిసింది. పై నుంచి కాస్డీ కేక: "ఏమే, ఏనుగునేమైనా తెస్తున్నావా? మావాళ్ల చేతులు ఊడుతున్నాయి!"

"లాగవయ్యా, మాట్లాడకు! మాస్టారు!"

అంచు మీదికి చేరాక, పట్టీలు ఇంకా విప్పకముందే, మాస్టారు కాస్డీ చేతులు పట్టుకుని, "బాబూ, చిన్నప్పుడు మీ ఆవిణ్ణి నేను..." అంటూ ఆగిపోయారు.

కాస్డీ ఆయన్నీ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "ఓరి దేవుడా! జెండాకర్ర మాస్టారా? మీ పేరు చెప్పే కదా సార్, మా ఇంట్లో ఇద్దరు పిల్లలకు అన్నం తినిపించాం! తినకపోతే దర్మాజీ మాస్టారొస్తారని." పన్నెండు మందీ ఘొల్లుమన్నారు. "తీరా చూస్తే ఇంతేనా మనిషి! అనవసరంగా భయపెట్టామే పిల్లల్ని."

భోజనం వార్సిలా ఇంటి అరుగు మీద. కర్రపెండలం పిండితో ఆవిరి మీద వండిన తివుల్, పచ్చిమిరపకాయల కూర, కరకరలాడే వేయించిన మిడతలు. మాస్టారు చేతులు కడుక్కోవడానికి వెళ్లి పంపును దారమంత సన్నగా తిప్పి, దాని కింద వేళ్ల కొసలు మాత్రం తడుపుకుంటున్నారు. వార్సిలా వెనక నుంచి వచ్చి పంపు పూర్తిగా తిప్పింది. "ఇప్పుడు నీళ్లొస్తున్నాయి, మాస్టారూ. మోచేతుల దాకా బురదే. బాగా కడుక్కోండి."

ఆమె ఐదో తరగతిలోనే బడి మానేసిందని కాస్డీ చెప్పాక, తినేటప్పుడు ఆయన నాలుగుసార్లు ఒకే మాట ఎత్తారు. "పరీక్ష రాయమ్మా. పెద్దవాళ్లు కూడా రాయవచ్చిప్పుడు. పుస్తకాలు నేను పంపిస్తాను. వారానికోసారి వచ్చి చెబుతాను."

"నాకొద్దు మాస్టారూ," అంది ఆమె, ఆయన ఆకులో మరి నాలుగు మిడతలు వేస్తూ. "చదువుకోవాల్సిన వయసులో కావాలనిపించింది. ఇప్పుడు నాకు చాలా పనుంది. నామీద బెంగ పెట్టుకోకండి. నేను బాగున్నాను, చూస్తున్నారుగా." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆయనకది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తల ఊపి, మిడతలు తిన్నారు.

వెళ్లేటప్పుడు ఆయన రెండు చేతులూ జోడిస్తే, వార్సిలా గభాలున వంగి ఆయన చేతిని నుదుటికి తాకించుకుంది. ఊళ్లోవాళ్లు గురువుకు అలాగే చేస్తారు. జీపు మలుపు తిరిగేదాకా నికెన్ చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆ రాత్రి కాస్డీ అడిగాడు: "క్షమించమని అడిగాడా?"

"మాటల్లో అడగలేదు."

"మరి నువ్వు?"

"నేనేం చేస్తాను? అన్నం పెట్టాను," అంది వార్సిలా. మేకలకు నీళ్లు పోసి వచ్చి పడుకుంది.

మరుసటి ఏడు ఎండాకాలం ఫోనొచ్చింది, ఐదుగురికి కావాలని. తెల్లవారుజామున కొండ కింద చూస్తే, దర్మాజీ మాస్టారు, ఆయన వెంట రిటైరైన నలుగురు టీచర్లు. అందరికీ డెబ్భై దాటాయి. ఒకాయనకు చేతికర్ర కూడా ఉంది. వార్సిలా నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏమిటిది మాస్టారూ? వీళ్లందర్నీ నేను తాడు మీద దింపాలా? కాస్డీ నన్ను ఇంట్లోకి రానివ్వడు!"

"దింపాలమ్మా," అన్నారాయన. "వీళ్లు కూడా ఈ జిల్లాలోనే పనిచేశారు. వీళ్లకు కూడా తొట్లు నింపారెవరో. చూడనీ."

ఆమె ఐదుగుర్నీ వరసగా నిలబెట్టి, టార్చీలు వెలుగుతున్నాయో లేదో చూసి, అందరికంటే నెమ్మదైన చేతికర్రాయన్ను ముందుకు తెచ్చింది. ఆయన ఎంత నడిస్తే అందరూ అంతే నడవాలని గట్టిగా చెప్పింది. వెనక నుంచి దర్మాజీ మాస్టారు, ఈ కొండ మంటలు ఎప్పుడు ఆరిపోయాయో, గుహలో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో మిగతావాళ్లకు పాఠం మొదలుపెట్టారు.

"అది తప్పు, మాస్టారూ," అంది వార్సిలా వెనక్కి తిరగకుండానే. "నేను చెబుతాను, ఆగండి. కాళ్ల దగ్గర చూసుకోండి ముందు."