ఎందుకని అడగని ఇల్లు

మా ఇంట్లో బయలుదేరేవాళ్లని ఎక్కడికని గానీ ఎందుకని గానీ అడగకూడదు. అడిగితే వెళ్లే పని చెడుతుందట. పొరపాటున ఎవరైనా అడిగారా, వెనక్కి వచ్చి కూర్చుని, నాలుగు గుక్కల మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. నాన్న ఈ హిందీ ఊళ్లో గూడ్స్ రైలు గార్డు. ఆయన డ్యూటీకి రైల్వే క్వార్టర్ గుమ్మం దాటుతుంటే అమ్మ "జాగ్రత్త" అనేదే తప్ప, కట్నీ వైపో రాయ్‌గఢ్ వైపో ఏనాడూ అడగలేదు.

అలాంటి ఇంట్లో కూర్చుని డచ్ నేర్చుకోవడం నా తలరాత. పెళ్లయిన ఇరవై రోజులకే మా ఆయన ఉద్యోగానికి నెదర్లాండ్స్ వెళ్లిపోయాడు. నేనూ వెళ్లాలంటే ఢిల్లీలో ఆ భాషలో పరీక్ష గట్టెక్కాలి. డచ్ వాళ్లకి ప్రతి కదలికకీ కారణం కావాలి కాబోలు. బజారుకి వెళ్తున్నానంటే చాలదు, చేపలు కొనడానికి అని కూడా చెప్పాలి. కారణం మొదలయ్యే చోట 'ఓమ్', చివరి క్రియ ముందు 'తె'. మన 'డానికి'ని రెండు ముక్కలు చేసి చెరో మూల పారేసినట్టుంటుంది. పని ఒకరిది, ఫలం ఇంకొకరిది అయితే, అంటే నేను వండేది నువ్వు తినాలని అయితే మాత్రం 'జోదాత్' అనాలి. అమ్మ గనక డచ్ మాట్లాడితే అన్నీ జోదాత్‌లే.

పొద్దున లేచింది మొదలు వంటింటికీ వరండాకీ తిరుగుతూ ఇవే వల్లించేదాన్ని. గోల్ బజార్‌కి వెళ్తూ ఆటోలో కూడా గొణిగేదాన్ని.

"ఏటే ఆ మంత్రాలు? ఒక్క సోట కూకోలేవేటి?" అని అమ్మ విసుక్కునేది.

ఒకరోజు ఆన్‌లైన్ టీచరమ్మ నమూనా పరీక్ష పెట్టింది. నేను ఇంట్లోంచి బయలుదేరుతున్నానట, ఆవిడ పొరుగావిడట. "ఎక్కడికి? ఎందుకు?" అని డచ్‌లో అడిగింది. నా చెయ్యి దానంతటదే నీళ్ల సీసా మీదికి పోయింది. నాలుగు గుక్కలూ తాగేసరికి జవాబుకి ఇచ్చిన టైము కాస్తా అయిపోయింది. సున్నా.

అసలు జవాబు నా దగ్గర లేక కాదు. "భర్తతో ఉండడానికి" అని ఆవిడే రాసిచ్చింది. పలికినప్పుడల్లా అబద్ధమాడుతున్నట్టుండేది. ఆయనకి కాకరకాయ ఇష్టమో కాదో కూడా నాకు తెలియదు. నాకు భయంగా ఉండేది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఢిల్లీ ప్రయాణం రోజున నాన్న ముందే వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. చెప్పులేసుకుని, "వెళ్లొస్తానమ్మా" అన్నాను.

"ఎందుకెల్తన్నావే?" అంది అమ్మ.

నిర్ఘాంతపోయాను. "నీకు మతి పోనాదేటి? ట్రైన్ టైమైపోతంది!" అని నాన్న ఆటోలోంచి అరిచాడు. అడిగాక ఇంకేం చేస్తాం, వెనక్కి వచ్చి కూర్చున్నాను. అమ్మ చేతిలో గ్లాసు నిండా నీళ్లు సిద్ధంగా ఉన్నాయి.

"తాగి సెప్పు."

తాగాను. "ఆయన ఎలాంటి మనిషో తెలుసుకోడానికి," అన్నాను. టీచరమ్మ కాగితంలో లేని వాక్యం అది.

"అచ్ఛా," అని అమ్మ గ్లాసు తీసుకుంది. "ఎల్లి తెలుసుకో. నచ్చకపోతే వచ్చీ. ఎందుకొచ్చీసినావని మాత్రం నానడగను."