మల్‌రే తమ్ముడికి వేసే సూది

చలికాలం మొదలైతే తోంగ్‌యోంగ్ రేవులో ఆడవాళ్ళకి చేతినిండా పని. పడవల నుంచి ఆల్చిప్పలు గుట్టలుగా వచ్చి పడతాయి. షెడ్డులో పొడవాటి బల్లల ముందు నిలబడి, పొట్టి కత్తితో చిప్ప తెరిచి, లోపలి మాంసం తీసి గిన్నెలో వెయ్యాలి. మల్‌రే పెళ్ళైనప్పటి నుంచీ ఆ పనే చేస్తోంది. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లలు కలగలేదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె నవ్విందంటే షెడ్డు ఆ చివరి వాళ్ళు కూడా "ఏంటే, ఏంటే?" అని అడిగేవాళ్ళు.

తమ్ముడు పిల్‌గ్యు జైలు నుంచి వచ్చాక ఆ నవ్వు ఎవరికీ వినబడలేదు.

ఒంటరిగా అద్దెకుంటున్న ఇద్దరు యువతుల గదుల్లో చొరబడి వాళ్ళని చెరిచినవాడు పిల్‌గ్యు. విచారణకి మల్‌రే వెళ్ళింది. ఒకమ్మాయి సాక్ష్యం చెబుతుంటే చివరిదాకా కూర్చుని వింది. బయటికొచ్చాక వకీలు, "మీ తమ్ముడి గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వండమ్మా" అన్నాడు. "ఇప్పుడు విన్నదాని తరవాత నా నోరు పెగలదు బాబూ," అని ఆమె బస్సెక్కి వచ్చేసింది. చాలా ఏళ్ళు చూడ్డానికి కూడా వెళ్ళలేదు. అలాంటిది, విడుదలయ్యేటప్పుడు ఎవరింటికి పంపమంటారని అడిగితే తన ఇల్లే చెప్పింది. తల్లి పనికి పోతే వాణ్ణి వీపున కట్టుకుని తిప్పింది తనే. వాడికి ఇంకో గుమ్మం లేదు.

కోర్టు రెండు షరతులు పెట్టి వదిలింది. ఒకటి, కాలికి పట్టీ. అది అతనెక్కడున్నాడో అధికారులకి చెబుతూనే ఉంటుంది. రెండోది, మూడు నెలలకోసారి సూది. ఆ మందు ఒంట్లో మగ హార్మోన్‌ని దించేస్తుంది. వద్దనడానికి లేదు. ఎగ్గొడితే మళ్ళీ జైలు. ఇవన్నీ చూసుకునే అధికారిణి పేరు బాంగ్. నెమ్మదిగా మాట్లాడే మనిషే, కానీ ఎప్పుడూ ముందు చెప్పి రాదు.

అతని నేరం సంగతీ, ఉంటున్న ఇల్లూ చుట్టుపక్కల వాళ్ళకి అధికారులు రాసి పంపారు. షెడ్డులో మల్‌రే పక్కన నిలబడి ఏళ్ళ తరబడి చిప్పలు తెరిచిన జోంగ్‌వా, మర్నాడు తన గిన్నె తీసుకుని ఎదుటి బల్లకి మారిపోయింది.

"నీ మీద కోపం లేదే," అంది. "నాకూ ఒక కూతురుంది. అంతే."

"తెలుసులేవే," అంది మల్‌రే. ఇంకేమనగలదు?

పిల్‌గ్యుకి ఊరవతల, సముద్రంలో కొత్త ఆల్చిప్పలు పెంచడానికి ఖాళీ చిప్పలకి బెజ్జాలు పొడిచి తీగకి గుచ్చే పని దొరికింది. తోడు ఒక చెవిటి ముసలాయన, అంతే. సూది మొదలయ్యాక అతని ఒళ్ళు మారిపోయింది. చొక్కా ఛాతీ దగ్గర బిగుతైంది, గడ్డం పలచబడింది. నీళ్ళు గడ్డకట్టే చలిలో తలుపు తీసి నిలబడి చెమట తుడుచుకునేవాడు. సముద్రపు నాచు పులుసు వేడివేడిగా పెడితే చల్లారేదాకా ముట్టుకునేవాడు కాదు.

"ముట్లుడిగిన ఆడవాళ్ళకి వచ్చే ఆవిర్లే నీకూ వచ్చాయి కదరా," అంది మల్‌రే ఒకసారి. అతను నవ్వాడు. ఆ ఇంట్లో అతను నవ్వడం అదే మొదలు.

రెండో ఏడు చిప్పల గంప ఎత్తుతుంటే పుటుక్కున మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని, అది మందు వల్లేనని డాక్టరు చెప్పాడు. మందు ఆపమని, ఇలాంటి షరతులు చూసే కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ళ మాట కూడా అడుగుతారు.

"నువ్వు చెప్పక్కా, నేను బాగున్నానని," అన్నాడు పిల్‌గ్యు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"నిజం చెప్పు. ఆ సూదితో నీ తల ఎలా ఉంటుంది?"

అతను కట్టు అంచు సరిచేసుకున్నాడు. "గోలుండదు. పదిహేనేళ్ళప్పటి నుంచీ ఉన్న గోల. అది లేకుండా కూడా బతకొచ్చని దీనితోనే తెలిసింది. కానీ అక్కా, ఇప్పుడు మంచిగా ఉన్నది నేనా, మందా? అది తెలీకుండా చచ్చిపోవాలా?"

"రోడ్డు మీద నడిచెళ్ళే ఆడపిల్లకి ఆ సంగతి అక్కర్లేదురా," అంది మల్‌రే. అన్నాక అతని మొహం చూసి, తల తిప్పుకుని చాలాసేపు గిన్నెలు కడిగింది.

కమిటీ ముందు ఆమె తమ్ముణ్ణి వెనకేసుకురాలేదు, తిట్టనూ లేదు. "వాడి ఎముకలు నిజంగానే పాడయ్యాయి. వాడికి నేను పూచీ పడలేను. రెండూ నిజమే," అంది. కమిటీ మందు ఆపింది. బదులు వారం వారం కౌన్సెలింగ్‌కి వెళ్ళమంది.

ఎండాకాలం బాగానే గడిచింది. అతని గడ్డం మళ్ళీ ఒత్తుగా పెరిగింది. పని నుంచి పాటలు పాడుకుంటూ వచ్చేవాడు. మల్‌రే సంతోషించింది, భయపడింది. ఒక్కో పూట ఏది సంతోషమో ఏది భయమో ఆమెకే తెలిసేది కాదు.

ఆల్చిప్పల పని మళ్ళీ మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం షెడ్డు తలుపు దగ్గర పిల్‌గ్యు నిలబడ్డాడు. అక్కడికి అతనెప్పుడూ రాలేదు. కత్తుల చప్పుడు ఆగిపోయింది.

"అక్కా, ఒక్కసారి రా."

మల్‌రే రబ్బరు ఆప్రన్‌తోనే బయటికి పరిగెత్తింది. అతని పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"గోల మళ్ళీ వచ్చింది. వారమైంది. చెబుదామంటే సిగ్గు. ఇవాళ బస్సు దిగిన ఒకమ్మాయి వెనకాల నడిచాను. బేకరీ మలుపు దాకా. అక్కడి నుంచి ఇటు తిరిగొచ్చేశా. బాంగ్ మేడమ్‌కి ఫోన్ చెయ్యి. నేను చేస్తే సగంలో పెట్టేస్తా."

మల్‌రే చెయ్యెత్తి చెంప మీద ఒక్కటిచ్చింది. తడి గ్లవుజు చప్పుడు లోపలిదాకా వినబడింది. తరవాత అదే చేత్తో అతని భుజం గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసింది.

తలుపులో జోంగ్‌వా నిలబడి అంతా వింది. "ఏ మలుపు? ఆ పిల్ల ఏ రంగు కోటు వేసుకుంది?" అని అతన్నే సూటిగా అడిగింది. చాలా కాలానికి, అక్క కాకుండా ఆ ఊరి ఆడమనిషి ఒకరు అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

"పసుపు కోటు. కొండ మీది ఇళ్ళ వైపు వెళ్ళింది. నన్ను చూళ్ళేదు."

జోంగ్‌వా ఆప్రన్ విప్పకుండానే ఆ దారిన వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళు ఖాళీ చిప్పల గుట్ట పక్కన కూర్చున్నారు. బాంగ్ కారు వచ్చేదాకా మల్‌రే అతని చొక్కా అంచు వదల్లేదు. జోంగ్‌వా రొప్పుతూ తిరిగొచ్చి, "ఆ పిల్ల ఇల్లు చేరింది. అన్నం తింటోంది," అని చెప్పి లోపలికెళ్ళిపోయింది. అది విన్నాక పిల్‌గ్యు మోకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చాడు.

బాంగ్ అతన్ని కారెక్కిస్తూ, "మీ అంతట మీరే పిలిచి చెప్పారని రాస్తాను. వెనకాల నడిచినట్టూ రాస్తాను," అంది.

"రెండూ రాయండి మేడమ్," అన్నాడు.

విచారించి అతన్ని ఇంటికే పంపారు. అతను అడిగి మరీ సూది మళ్ళీ వేయించుకున్నాడు. ఈసారి ఎముకలకి కూడా మందిచ్చారు. అది కొంతే పనిచేసింది. నడుం వంగింది. గంపలెత్తే పని మానేసి, కూర్చుని తీగలకి చిప్పలు గుచ్చుతున్నాడు. మళ్ళీ అర్జీ పెట్టుకుంటారా అని బాంగ్ అడిగితే, ఇప్పుడు కాదన్నాడు.

ఊరు అతన్ని క్షమించలేదు. మల్‌రే కూడా క్షమించానని ఎప్పుడూ అనలేదు. అన్నం మాత్రం రెండు గిన్నెల్లో వడ్డిస్తుంది. అతనికి పులుసు చల్లార్చి పెడుతుంది.

షెడ్డులో మొన్న జోంగ్‌వా తన గిన్నె తెచ్చి మల్‌రే పక్కన పెట్టింది. "అవతల గాలి కొడుతోందే, చేతులు కొంకర్లు పోతున్నాయి," అంది.

"జరుగుతా, రా," అంది మల్‌రే.