వత్తు లేని పచ్చడి

నేను చదివింది మూడో తరగతి, అదీ పూర్తి కాలేదు. అయినా అమెరికాలో, ఎడిసన్‌లో నా గోంగూర పచ్చడి సీసాల మీది లేబుల్ నా చేతిరాతలోనే ఉండాలని పట్టుబట్టాను. ఎనభైల నాటి మాట ఇది. నేను కాగితం మీద రాసి, పక్కన గోంగూర ఆకు బొమ్మ వేస్తే మా అబ్బాయి కాపీలు తీయించి తెచ్చేవాడు. ఆ లేబుల్‌ను రాష్ట్ర ప్రభుత్వపు ఆఫీసులో రిజిస్టర్ కూడా చేయించాడు. దండగ పని అని తిట్టాను.

ఓక్ ట్రీ రోడ్‌లో ఒక కొట్టుకు సీసాలు ఇచ్చేదాన్ని. ఒకరింట్లో వ్రతానికి వెళితే, భోజనాల దగ్గర తెలిసిన డాక్టరమ్మ నలుగురిలో అడిగింది.

"ఏంటి పిన్నిగారూ, ఈమధ్య పచ్చడిలో ఇసుక కూడా నూరుతున్నారా?"

అందరూ నవ్వారు. ఏడు నీళ్లలో ఆకు కడిగే మనిషిని నేను. మర్నాడు వాళ్లింటికి వెళ్లి సీసా చూశాను. అది నాది కాదు, వేరే కొట్టాయన అమ్ముతున్నది. బొమ్మ నాదే, అక్షరాలు నావే, ఇసుక మాత్రం ఆయనది.

"కోర్టుకెళ్లక్కర్లేదమ్మా. రిజిస్టర్ చేసిన ఆఫీస్‌లోనే కంప్లైంట్ ఫైల్ చేద్దాం," అన్నాడు అబ్బాయి.

ఫారం కోడలు నింపింది. రెండు లేబుళ్లూ జతచేసి పంపాం. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు, పచ్చడి పేరు ఎవరైనా రాసుకోవచ్చు, మీది చూసే రాశారనడానికి రుజువేమిటి అని.

కోడలు ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది.

"ఏమే, రుజువు లేదా?"

"ఉంది అత్తయ్యా. మీరు కోప్పడనంటే చెప్తా."

"కోప్పడే మాటైతే కోప్పడతాను. చెప్పు."

"పచ్చడికి చ కింద వత్తుండాలి. మీరు 'పచడి' అని రాశారు. ఆయనకి తెలుగు రాదు, ఉన్నదున్నట్టు కాపీ చేసేశాడు. ఆయనదీ పచడే."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఫస్ట్ సీసా అప్పుడే. రెండేళ్లయింది."

"రెండేళ్లు ఊరంతా నన్ను చూసి నవ్వుతుంటే ఊరుకున్నావా?"

"నవ్వితే నేనూరుకుంటానా? ఒకావిడ అడిగింది. మా అత్తయ్య స్టైల్ అంతే, మార్చేది లేదన్నాను."

నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. రాస్తే నాకు అక్షరాలు రావని ప్రభుత్వానికి తెలుస్తుంది. రాయకపోతే ఆ ఇసుక నా పేరు మీదే ఉండిపోతుంది.

"రాయి," అన్నాను. "ఆ తప్పు నాదేనని రాయి."

అలా రాసిన కాగితం మీద, బ్యాంకులో ఉండే నోటరీ అధికారి ముందు సంతకం చేయాల్సి వచ్చింది. తెలుగులోనే చేశాను, కూడబలుక్కుంటూ. కోడలు నా భుజం పక్కనే నిలబడి ఒక్కో అక్షరం చూసింది.

"సరిగ్గా ఉందా?"

"హండ్రెడ్ పర్సెంట్ అత్తయ్యా."

ఆఫీసు వాళ్లు ఆ కొట్టాయనకు రాశారు. ఆయన లేబుళ్లు తీసేయడానికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి చెబుతూ మాకొక ఉత్తరం వచ్చింది. దాన్ని మడిచి, ఉగాది భోజనాలకు పట్టుకెళ్లాను. డాక్టరమ్మతో సహా అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక కోడలిని లేపి చదవమన్నాను. ఆ పిల్ల ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతూ, వత్తు సంగతి వచ్చినచోట ఆగి నా వైపు చూసి, కింది వరుసకు దాటేయబోయింది.

"అదీ చదువు," అన్నాను.