ఖాళీ తొట్టెల

మూడు నెలల కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉన్నాను. భార్య, ఎనిమిది నెలల పాప కాకినాడలోనే ఉండిపోయారు. వాళ్లు వస్తే పార్కుకు తీసుకెళ్లాలని, కావలసిన పదహారు వస్తువుల జాబితా ఫోన్లో రాసిపెట్టుకున్నాను.

ఓ ఆదివారం పంజాగుట్ట దగ్గరి పార్కుకు ఒక్కణ్ణే వెళ్లాను. పక్కనే ఒక యువజంట వేపకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి, పసిపాపను పడుకోబెట్టారు. నా జాబితాలో చీర లేదు. అంతలో వాళ్ల మూడేళ్ల పిల్లాడు ఉడత వెంట పరుగెత్తాడు, తండ్రి వాడి వెంట పరుగెత్తాడు.

"అన్నా, జర తొట్టెల ఊపుతవా? బువ్వ కలుపుత," అంది తల్లి.

ఆశ్చర్యపోయాను. మా ఇంట్లో పసిపిల్లను కొత్తవాళ్ల కంట కూడా పడనివ్వరు.

కాసేపటికి పాప లేస్తే తల్లి ఎత్తుకుంది. ఉయ్యాల ఊపుతున్న నా చెయ్యి మాత్రం ఆగలేదు.

"అయ్యో, ఖాళీ తొట్టెల ఊపొద్దన్నా!" అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "నీకు సుత ఉన్నదా చిన్నది?"

"ఉందండీ, ఊళ్లో. నేను ఇటొచ్చాకే పాకడం నేర్చింది."

ఆమె మేలుకునే ఉన్న పాపను మళ్లీ చీరలో పడుకోబెట్టింది.

"గిప్పుడు ఊపు," అంది.