పెళ్లికూతురి చీర మీద పడిన నీడ

ఈ రోజు మిర్యాలగూడలో మా ఫొటో స్టూడియోలో జరిగింది ఇంకా మింగుడుపడటం లేదు.

ఈ మధ్యే పెళ్లయిన ఒకమ్మాయి, ఇంటి ముందు ఎండలో దిగిన పెళ్లి ఫొటోలో తన పక్కన అమ్మను కలపమంది. భర్త పోయిన మనిషి పీటల దగ్గరికి రాకూడదని, ఆవిడ పెళ్లినాడు వంటల దగ్గరే ఉండిపోయిందట. ఒక్క ఫొటోలోనూ లేదు. ఆవిడ విడి ఫొటో తీసుకుని ఫొటోషాప్‌లో కూతురి పక్కన నిలబెట్టాను. ఎండ ఎటు నుంచి పడుతోందో చూసి, తల్లి నీడను కూతురి చీర మడతల మీదుగా వంచి, అంచులు పలచబరిచాను. అచ్చం నిజంలా వచ్చిందని మురిసిపోయాను.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. స్క్రీన్ చూడగానే తల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నా నీడ పిల్ల మీద పడ్డది. జర తీసెయ్ బిడ్డా."

"తీస్తే అతికిచ్చినట్టు ఉంటదమ్మా," అన్నాను.

"ఉండనియ్. నేను గాడ లేనన్నది అందరికెరుకే."

కూతురు మాత్రం నెమ్మదిగా, "నీడ ఉంచన్నా. అమ్మ నా పక్కనే ఉన్నదని సూసేటోళ్లు నమ్మాలె," అంది.

ఆల్బమ్ కూతురిది. నీడతోనే ప్రింట్‌కి పంపాను. ఆ నీడ గీసింది నేనే. దాన్ని చూసి కన్నతల్లి జడుసుకునేలా చేసిందెవరో మీరే చెప్పండి.