ఆదిశేషు బాబాయి సంతకం నేను పెట్టిన రోజు

ఆదిశేషు బాబాయికి తన పేరు రాయడానికి ఒక బీడీ కాల్చినంత సేపు పట్టేది. గుణుపురం పక్క పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, కొన్నాళ్లు నాగలి పట్టి, ఇరవై రెండేళ్లకు రాయగడ వచ్చి మా ఫ్యాక్టరీలో వైర్‌మ్యాన్‌గా చేరాడు. నేను ఆఫీసులో గుమాస్తాగా చేరేసరికి కరెంటు ఫోర్‌మన్ అయ్యాడు. నాకు చుట్టమేమీ కాదు. అయినా దుర్గాభవాని అనే నా పేరు ఆయన నోట ఒక్కసారి వినలేదు, ఎప్పుడూ 'అమ్మీ' అనే పిలిచేవాడు.

మాది పాత అట్టల్ని నానబెట్టి కొత్త అట్ట చేసే చిన్న ఫ్యాక్టరీ. గుజ్జు తొట్టి రెండు నిలువుల లోతు. అడుగున ఇనప రెక్కలు తిరుగుతుంటాయి. వాటికి తీగో గోనె పీచో చుట్టుకుంటే, తొట్టి ఖాళీ చేసి మనిషి లోపలికి దిగి కోసి తీయాలి. దిగడానికి పర్మిట్ కావాలి, దాని మీద బాబాయి సంతకం ఉండాలి. ఆయన ముందు స్విచ్ గదికి వెళ్లి, రెక్కలకు కరెంటు అందకుండా ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకుని, అప్పుడు కలం తీసేవాడు. ఎంత పెద్ద దొర అరిచినా సరే, ఫ్యూజులతో జేబు బరువెక్కనిదే సంతకం పడేది కాదు. తొట్టిలో దిగే తాతారావు "ఆదిశేషు మావ సంతకం ఉందేటి?" అని ఒక్క మాట అడిగేవాడు. ఉందంటే ఇక మాట్లాడకుండా దిగిపోయేవాడు.

2007 చివర్లో పర్మిట్లు కంప్యూటర్లోకి ఎక్కాయి. అడిగిన మనిషి, కరెంటు ఫోర్‌మన్, మేనేజర్ ఎవరి చోట వాళ్లు తెర మీద చూసి, పాస్‌వర్డ్ కొట్టి ఆమోదం నొక్కాలి. అదే సంతకం. మూడు పేర్లూ పడితే పర్మిట్ పచ్చబడుతుంది. తొట్టి దగ్గరున్న తెర మీద ఆ పచ్చరంగు చూసి మనుషులు దిగుతారు.

బాబాయి నాలుగు వందల నలభై వోల్టులకు బెదరడు గానీ కీబోర్డు చూస్తే చెమటలు పట్టేవి. పాస్‌వర్డ్ రాసి ఉన్న చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఎవరికీ చెప్పకూడదు బాబాయ్."

"నువ్వు పరాయిదానివేటమ్మీ? నేను ఫ్యూజులు పీకీసి ఫోన్ సేస్తాను. నువ్వు నొక్కియ్."

అలా ఎనిమిది నెలలు గడిచాయి. స్విచ్ గది నుంచి ఫోన్ మోగేది. "పీకీసేను, నొక్కమ్మీ" అనేవాడు, నేను నొక్కేదాన్ని. అదేదో ఘనకార్యమైనట్టు నాకు గర్వం కూడానూ. నా బుద్ధి మండా!

జూలైలో ఒక పొద్దున్న, విడవని వాన. తొట్టిలో తీగ చుట్టుకుందని పర్మిట్ వచ్చింది. రెండు పేర్లు పడిపోయాయి, బాబాయిదే మిగిలింది. ఫోన్ ఎత్తి చూస్తే ఉలుకూ పలుకూ లేదు, వానకు లైను చచ్చింది. మేనేజర్ రామ్‌ప్రసాద్ గారు గదిలోంచి "ఇంకా ఎంతసేపు?" అని మూడోసారి అరిచారు. బాబాయి ఎప్పుడైనా ఆలస్యం చేశాడా? పీకేసే ఉంటాడు, ఫోన్ కలవక నన్ను తిట్టుకుంటూ ఉంటాడు అనుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టి నొక్కేశాను. పర్మిట్ పచ్చబడింది.

పావుగంటకి బాబాయి తడిసి ముద్దై లోపలికొచ్చాడు.

"గోడవతల కరెంటు తీగల మీద సింతసెట్టు పడిపోనాది. పొద్దుట్నించీ అక్కడే ఉన్నాను. ఏటైనా పర్మిట్ ఒచ్చిందేటి?"

తెర వైపు వేలు చూపించాను.

"ఎవులు దిగేరు?"

"తాతారావు."

ఆయన ముఖంలో నెత్తురు లేదు. పరిగెత్తాడు. వెనకాల నేను, చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు. తొట్టి నడిపే మీట పైగదిలో ఉంటుంది. టీ వేళ, బదులుగా కూర్చున్నవాడు చూసుకోకుండా నొక్కితే? తాతారావుకి ఆర్నెల్ల కూతురు. అమ్మా మజ్జిగౌరీ, ఆ మీట మీద ఎవడి చెయ్యీ పడనీకు తల్లీ అని పైకే అరుస్తూ పరిగెత్తాను. ప్రతి అడుక్కీ రెక్కలు తిరిగిన చప్పుడు వినిపించినట్టే ఉండేది.

బాబాయి స్విచ్ గదిలో దూరి, గ్లౌజుల కోసం కూడా చూడకుండా ఫ్యూజులు లాగేశాడు. లాగి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. తొట్టిలోంచి తాతారావు గొంతు తీరుబాటుగా వినిపించింది: "ఇంకో పావుగంట పడతాదిరోయ్!"

ఆయన ఫ్యూజులు పీకడం పైగదివాడు చూసి మేనేజర్‌కి చెప్పాడు. మధ్యాహ్నానికల్లా మేనేజర్ ముందు పంచాయితీ. సంతకం పదీ నలభైకి, ఫ్యూజులు పీకింది పదకొండుకి. తెర మీద ఆదిశేషు పేరు, గంట, నిమిషం అన్నీ ఉన్నాయి. తాతారావు గోడకి ఆనుకుని నిలబడి బాబాయినే చూస్తున్నాడు. నేను ఫైళ్లు పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, పోలీసులు కూడా వస్తారేమో, ఇంట్లో ఇద్దరు పిల్లలు.

బాబాయి నా వైపు చూడలేదు. "నేనే నొక్కీసేను బాబూ. సెట్టు పనిలో పడి పీకడం మర్సిపోనాను" అన్నాడు.

ఆయన్ని పర్మిట్ల నుంచి తప్పించి, రిటైరయ్యేదాకా గేటు దగ్గర లారీలు చూసుకోమన్నారు. సాయంత్రం నేను ఏడుస్తూ వెళ్లి కాళ్ల మీద పడబోతే కసిరాడు. "నా పేరు నీ సేతిలో ఎట్టింది ఎవులు? నేను కాదేటి? ఎల్లు, పిల్లలు ఎదురు సూస్తారు."

ఆ వారమే గేటు బయట టీ కొట్టు దగ్గర తాతారావు ఆయనకి ఎదురొచ్చాడు. పదిమంది ఉన్నారు, నేనూ ఉన్నాను.

"పదేళ్లు నీ పేరు సూసే దిగేను మావా. ఫ్యూజులు పీకేవా నేదా అని ఒక్కనాడు అడగనేదు. నన్ను సంపీసీవోడివి."

"అవున్రా నాయినా" అన్నాడు బాబాయి. "తప్పు నాదే."

తాతారావు టీ తాగకుండానే వెళ్లిపోయాడు. పదిమందిలో ఒక్కరూ బాబాయి పక్కన కూర్చోలేదు. నేను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.