సార్ నేర్చుకుంటానన్న కొత్త సాఫ్ట్‌వేర్

మా సార్ పోయారని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నాంపల్లి లాడ్జి మేనేజర్ ఫోన్ చేసి చెప్పాడు. "సార్ పోయిన్రు తమ్మీ. నిద్రల్నే అంట," అన్నాడు. ఏ మాటకైనా ఎదురు జోకు వేసే నేను "ఔనా" అని ఫోన్ పెట్టేశాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. అబిడ్స్‌లో ట్రోఫీల దుకాణం పైన, నాలుగు కంప్యూటర్లూ ఒక కూలరూ ఉన్న గదిలో వెబ్ పేజీలు కట్టడం నేర్పేవారు. ఆయన వాడే సాఫ్ట్‌వేర్ దాదాపు నా ఈడుది. తయారుచేసిన కంపెనీయే దాన్ని ఎప్పుడో వదిలేసింది, సార్ వదల్లేదు. లాడ్జి, కళ్లద్దాల దుకాణం, పెళ్లిపత్రికల ప్రెస్సు, అందరి సైట్లూ దాంట్లోనే కట్టి ఆయనే చూసుకునేవారు. రోజూ పదింటికి అవన్నీ వరసగా తెరిచి చూసేవారు.

"ఏంది సార్, హాజరు తీసుకుంటున్నరా?" అనేవాణ్ణి నేను.

"వాళ్ల షట్టర్ లేసినప్పుడు మన పేజీ గూడ లేవాలె గదరా!"

నేను ఆయన దగ్గర నేర్చుకోవడానికి చేరిన కొత్తలో లాడ్జి సైటు నా చేతికిచ్చారు. గదుల ఫోటోలు పెట్టి, మా కంప్యూటర్‌లో చూసుకుని, నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. మర్నాడు మేనేజర్ తెరిస్తే ఫోటోల చోట ఖాళీ డబ్బాలు. పేజీని సర్వర్‌కు ఎక్కించి, ఫోటోలను మా కంప్యూటర్‌లోనే వదిలేశానన్నమాట. సార్ తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని నాంపల్లి దాకా నడిచి, "తప్పు నాదే, జర మాఫ్ చెయ్యిన్రి," అన్నారు మేనేజర్‌తో. బయట చాయ్ తాగుతూ నాతో మెల్లగా అన్నారు: "మనింట్ల అన్నీ మంచిగనే కనిపిస్తయ్‌రా. పక్కోని ఇంట్ల చూడాలె."

ఈ వేసవిలో కళ్లద్దాల ఆయన, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని, సైటును ఇంకెవరికో ఇచ్చేశాడు. అప్పటికి నేను ఉద్యోగస్థుణ్ణి, అంటే మహా పండితుణ్ణి. "మీ సాఫ్ట్‌వేర్‌ను మ్యూజియంల పెట్టాలె సార్," అన్నాను. ఆయన నవ్వారు. కాసేపటికి, "కొత్తది నాకు నేర్పుతవారా? నాకు సమజైతదంటవా?" అని అడిగారు.

"మీకేంది సార్! ఆదివారం కూసుందాం."

ఆదివారాలు ఐదు గడిచాయి. ఒక్కసారే ఫోన్ చేశారు. "రేపొస్తున్నవా? కుర్చీ ఏసి పెట్టాల్నా?" నాకు క్రికెట్ మ్యాచ్ ఉందన్నాను. "ఫికర్ లేదు, మంచిగ ఆడు," అన్నారు. ఆ మ్యాచ్‌లో నేను సున్నాకే ఔటయ్యాను. ఆ మాట ఆయనకు చెప్పి ఉంటే పడీ పడీ నవ్వేవారు.

కర్మలయ్యాక సార్ భార్య నన్ను ఆ గదికి రమ్మన్నారు. ఇంకా క్లాసుల కోసం ఫోన్లు వస్తున్నాయట. సార్ లేరన్న సంగతి ఆయన క్లాసుల వెబ్ పేజీలో పెట్టాలట. నేను రాసిపెడతానన్నాను.

"నువ్వు రాయకు బిడ్డా. ఎట్ల రాయాల్నో చూపియ్యి, నేనే రాస్త."

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మౌస్ పట్టుకోవడం నుంచి మొదలుపెట్టాను. సార్‌కు చెప్పాల్సిన పాఠమంతా ఆమెకు చెప్పాను. ఇంత నెమ్మదిగా, ఇంత ఓపిగ్గా నేనెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పలేదు. మొత్తం గంటన్నర పట్టింది. ఒక ఆదివారంలో సగం పూట కూడా కాదు.

ఆమె ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ఆయన పేరు కొట్టారు. ఆగారు.

"తర్వాత ఏం రాయాలె బిడ్డా?"

తెల్లటి పేజీలో ఆయన పేరు పక్కన సన్నని గీత వెలుగుతోంది, ఆరుతోంది. ఆమె వేలు కీబోర్డు మీద గాలిలోనే ఉంది.